తిరిగి వెళ్లిరి అన్న మాట దగ్గర ఆగిపోయాను

ఈసారి మా అమ్మ వాళ్ళింట్లో క్రిస్మస్ స్టార్ జనవరి 10 దాకా దించలేదండి. జనవరి 6 ప్రత్యక్షత పండగ ఆరాధన అయిపోయింది, మా చర్చిలో క్రిస్మస్‌కి పెట్టిన పశువుల పాక తీసేశారు, అందులో పరిచిన ఎండుగడ్డి ఎవరో వాళ్ళ గేదెకి పట్టుకుపోయారు, అవతల రామాలయం మైకులో ధనుర్మాసం పాటలు, పక్కింటి పిన్నిగారి ముగ్గులో గొబ్బెమ్మలు, ఊరంతా సంక్రాంతిలోకి వెళ్ళిపోయింది, మా వసారాలో మాత్రం చీకటి పడేసరికి స్టార్ వెలుగుతానే ఉంది. భక్తి ఎక్కువై కాదులెండి. "తమ్ముడు వెళ్ళేదాకా ఉండనివ్వండర్రా" అంది అమ్మ, ఇంక ఎవరం మాట్లాడలేదు.

చాలామందికి క్రిస్మస్ అంటే 25 మధ్యాహ్నం బిర్యానీతో సరి. మా లూథరన్ సంఘం వాళ్ళకి అది మొదలు, అక్కణ్ణించి జనవరి 5 దాకా 12 రోజులు, మధ్యలో 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన, కొత్త సంవత్సరానికి బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకోవడం, 6వ తారీకు ప్రత్యక్షత, అంటే తూర్పు దేశపు జ్ఞానులకి ప్రభువు కనబడిన రోజు. అమ్మకి ఈ లెక్కలన్నీ పెళ్ళయ్యాక వచ్చినవే. ఆవిడ పుట్టిల్లు పాలకొల్లు వైపు, బ్రదరెన్ అనే ఇంకో క్రైస్తవ సంఘం కుటుంబం. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ అని ఇద్దరు, ఒకాయన రాతిపని మేస్త్రీ, ఇంకొకాయన చెప్పులు కుట్టే ఆయన, నరసాపురం పాలకొల్లు చుట్టుపక్కల వాక్యం చెప్పుకుంటూ తిరిగారు కదా, ఆ సంఘాల్లో పెరిగిన మనిషి. వాళ్ళింట్లో స్టారూ లేదు, చెట్టూ లేదు, బైబిల్లో ఎక్కడుంది చూపించు అనేవారు తాతయ్య. అలాంటి ఇంట్లోంచి వచ్చిన మా అమ్మ ఇప్పుడు స్టార్ దించొద్దని కూర్చుంది.

తమ్ముడు మస్కట్‌లో ఉంటాడు, ఏసీ మెకానిక్. సెలవు ఎప్పుడో గానీ దొరకదు. ఈసారి డిసెంబర్ 12న వచ్చాడు, కూతుర్ని అప్పుడే మొదటిసారి చూడటం. 8 నెలల పిల్ల. ఫోన్‌లో రోజూ చూసేవాడే, పిల్ల కూడా ఫోన్‌లో వాణ్ణి చూసి కేరింతలు కొట్టేది, తీరా మనిషి ఎదురుగా వచ్చి చేతులు చాపితే ఊరు లేచిపోయేలా ఏడ్చింది. వారం రోజులు వాడి చేతికి వెళ్ళలేదు. వాడు నవ్వాడు కానీ పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. మరదలు ఫోన్ తెచ్చి వాడి మొహం పక్కన పెట్టి "ఈయనే ఆయన, చూడు" అని చూపించేది, పిల్ల ఫోన్ వైపే చూసేది.

6వ తారీకు సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మత్తయి 2వ అధ్యాయం వాణ్ణే చదవమంది అమ్మ. వాడు స్కూల్లో చదివినట్టే ఇప్పటికీ పదానికీ పదానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ చదువుతాడు, అందువల్ల మేము ఎప్పుడూ పరిగెత్తించేసే మాటలు కూడా వినబడ్డాయి. "యింటిలోనికి వచ్చి" అని ఉంది చూడండి. పాకలోకి కాదు. మనం క్రిబ్, అంటే పాక బొమ్మలు, పెట్టేటప్పుడు గొర్రెల కాపరుల పక్కనే జ్ఞానుల బొమ్మలు కూడా నిలబెట్టేస్తాం, ముగ్గురని కూడా మనమే లెక్క కట్టేశాం, మత్తయి సంఖ్య చెప్పలేదు, కానుకలు మూడు రకాలు కాబట్టి మనుషులూ ముగ్గురయ్యారు. హేరోదు రాజు రెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లల్ని చంపించాడంటే అప్పటికి కొన్ని నెలలు గడిచి ఉండొచ్చు. అంటే దేవదూతల పాటలు, ఆ రాత్రి హడావుడి అన్నీ సద్దుమణిగాక, ఇంట్లో గుడ్డలు ఉతుక్కుంటూ వంట చేసుకుంటూ ఉన్న ఒక మామూలు రోజున వాళ్ళు గుమ్మంలోకి వచ్చారన్నమాట. మా పిల్లలాగే పాకుతూ ఉండేవాడేమో ప్రభువు, కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటూ.

తర్వాత జ్ఞానులు కానుకలివ్వడానికి "తమ పెట్టెలు విప్పి" అన్న మాట వచ్చేసరికి మా ఇంట్లో అందరూ ఒక్కసారి నవ్వేశాం. గల్ఫ్ వాళ్ళున్న ఇళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మనిషి వచ్చిన రాత్రి భోజనాలయ్యాక పెట్టె విప్పడం అనేది మా వైపు ఒక పండగ, చుట్టుపక్కల వాళ్ళు కూడా ఏదో పని ఉన్నట్టు వచ్చి కూర్చుంటారు, సబ్బులు, టాంగ్ డబ్బాలు, పిల్లలకి చాక్లెట్లు, దుప్పటి. ఈసారి వాడి పెట్టెలో ఒక చిన్న సంచి ఉంది, మస్కట్‌లో మత్రా సూక్ అనే బజార్లో కొన్నాడంట, లోపల పసుపచ్చటి బంక ముక్కలు. లుబాన్ అంటారంట అక్కడ. ఇదే అమ్మా బైబిల్లో సాంబ్రాణి, ఆ చెట్లు ఒమన్‌లోనే ధోఫార్ అని దక్షిణం వైపు కొండల్లో ఉంటాయి, బెరడు గీస్తే పాలు కారి గట్టిపడతాయి అని చెప్పాడు. మన కొట్లో దొరికే సాంబ్రాణి మామూలుగా వేరే చెట్టు బంక, పేరు మాత్రం ఒకటే. (మస్కట్ మనకి పడమర కదరా, తూర్పు దేశపు జ్ఞానివి ఎలా అవుతావు అని నేను ఏడిపించాను కూడా.)

మర్నాడు పొద్దున్న అమ్మ పిల్లకి నీళ్ళు పోస్తోంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని బోర్లా పడుకోబెట్టి, సున్నిపిండి రుద్ది, చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు. ఈ పద్ధతిలో మా ఇంట్లో అందరం పెరిగాం. ఒళ్ళు తుడిచాక మూకుట్లో కొబ్బరిచిప్ప నిప్పులు పోసి, కొట్టు సాంబ్రాణి బదులు వాడు తెచ్చిన ముక్క ఒకటి వేసింది. చిటచిటమని కరిగింది, తెల్లటి పొగ లేచింది. "ఇదేంట్రా నిమ్మకాయ వాసనొస్తోంది" అంది. నిజమే, మన సాంబ్రాణి తియ్యగా ఉంటుంది, ఇది నిమ్మ తొక్కలా ఉంది. పసిపిల్లలకి పొగ పెట్టొద్దని డాక్టర్లు చెబుతున్నారు, నేనూ అన్నాను, అమ్మ మూకుడు ఇంకో నాలుగడుగులు అవతలికి జరిపింది గానీ మానలేదు. అలా జరుపుతూనే అంది, "దేశాలు దాటొచ్చి పసిబిడ్డున్న ఇంటికి సాంబ్రాణి పట్టుకొచ్చారంటే, వాళ్ళలో ఎవడికో ఇంటిదగ్గర పెళ్ళాం చెప్పి పంపుంటుందే."

రాజుకి బంగారం, యాజకుడికి సాంబ్రాణి, సమాధికి బోళం అనే సుగంధపు బంక అని మనం ప్రతి ఏడాదీ వినే ప్రసంగం ఎలాగూ ఉంది, అది తప్పని కాదు. కానీ నాకు అమ్మ చెప్పిందే ఎక్కువ దగ్గరగా అనిపించింది.

ఆ 6వ తారీకు ప్రార్థనలో వాక్యం చెప్పింది నేనే. కొంచెం గొప్పగా కూడా ఫీలయ్యాను. లూకా 2:20లో గొర్రెల కాపరులు దేవుణ్ణి స్తోత్రం చేస్తూ "తిరిగి వెళ్లిరి" అని ఉంది, మత్తయి 2:12లో జ్ఞానులు మరియొక మార్గమున తమ దేశానికి "తిరిగి వెళ్లిరి" అని ఉంది, రాసినవాళ్ళు వేరు, కథలు వేరు, అయినా ఆఖరికి అదే మాట, చూసినవాళ్ళెవరూ బెత్లెహేములో ఉండిపోలేదు, గొర్రెల దగ్గరికి వెళ్ళాల్సిన వాళ్ళు గొర్రెల దగ్గరికి, దూరదేశం వెళ్ళాల్సిన వాళ్ళు దూరదేశం వెళ్ళారు, తమ్ముడు కూడా అలాగే స్తోత్రం చేసుకుంటూ వెళ్ళాలి అన్నట్టు చెప్పాను. నాన్న ఆమెన్ అన్నారు. తమ్ముడు తల దించుకుని ఉన్నాడు.

రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే మరదలు నెమ్మదిగా అంది, "వదినా, ఆ తర్వాత రెండు వచనాలు చదవలేదు మీరు."

చదవలేదు. మరియ భర్త యోసేపు లేచి, "రాత్రివేళ శిశువును తల్లిని తోడుకొని" ఐగుప్తుకి, అంటే ఈజిప్టుకి, వెళ్ళాడు అని ఉంటుంది అక్కడ.

"యోసేపు కనీసం వాళ్ళని తీసుకెళ్ళాడు కదా వదినా" అంది. గిన్నె బోర్లించి చెయ్యి తుడుచుకుని పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

నా దగ్గర జవాబు లేదండి. ఫ్యామిలీ వీసాకి వాడి జీతం చాలదు, ఆ సంగతి మరదలికి నాకంటే బాగా తెలుసు, అడిగింది దాని గురించి కాదు. వాక్యం చెప్పేటప్పుడు మనకి కలిసొచ్చే వచనం దగ్గర ఆపేస్తాం చూశారా, నేను సరిగ్గా అదే చేశాను. వెళ్ళేవాడికి ఒక వచనం ఇచ్చాను, ఉండిపోయేదానికి ఏమీ ఇవ్వలేదు. పడుకోబోయేముందు మళ్ళీ లూకా తీశాను. కాపరులు తిరిగి వెళ్ళిన వచనానికి సరిగ్గా పైన, 19లో, "మరియ ఆ మాటలన్నియు తన హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను" అని ఉంది. అది కూడా నేను దాటేసి చదివిందే. ఆవిడ పాడిందనీ లేదు, స్తోత్రం చేసిందనీ లేదు అక్కడ. తలపోసుకుంది అంతే. మరదలికి ఆ వచనం చూపిద్దామనుకున్నాను, మళ్ళీ మానేశాను, ఈ ఒక్కరోజుకి నా ప్రసంగాలు చాలు అనిపించింది.

9వ తారీకు సాయంత్రం పెట్టె కట్టడం. 30 కిలోలు దాటకూడదు. అమ్మ ముందే జంతికలు, అరిసెలు, ఎండు రొయ్యలు, మాగాయ అన్నీ పేర్చి పెట్టుకుంది. ఊరగాయ సీసాలో వద్దు పగులుద్ది అని ప్లాస్టిక్ డబ్బాలో నొక్కి, మూతకి చుట్టూ టేప్ వేసి, ఒక కవర్, దాని మీద ఇంకో కవర్, ఆ పైన వాడి పాత లుంగీ ముక్క చుట్టి, అట్టపెట్టె మధ్యలో బట్టల నడుమ దూర్చింది. స్ప్రింగ్ కాటాకి తగిలించి నాన్న, తమ్ముడు చెరోవైపు ఎత్తితే 32 చూపించింది. వాడు తన చొక్కాలు రెండు, బూట్లు తీసేశాడు. అరిసెలు తియ్యరా అంటే తియ్యలేదు. 29న్నర. "ఇంకో అరకిలో ఉంది కదా" అని అమ్మ అప్పటికప్పుడు కాజాలు తెచ్చి పైన పెట్టింది. అప్పుడు టేప్ వేసి, నైలాన్ తాడు కట్టి, మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు.

10వ తారీకు రాత్రి బయలుదేరాడు. విచిత్రం ఏంటంటే ఆ రోజుల్లో హైదరాబాద్ అంతా మా గోదావరి జిల్లాలకే దిగుతుంది, బస్సులు రైళ్ళు కిక్కిరిసి వస్తుంటాయి, కోడిపందాలని, అల్లుళ్ళని, కొత్త బట్టలని. స్టేషన్లో దిగేవాళ్ళే దిగేవాళ్ళు, ఎక్కినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చేవాళ్ళకి ఎదురెళ్తూ వీడు పెట్టె నెత్తిన పెట్టుకుని. పిల్ల అప్పటికి వాడికి బాగా అలవాటైపోయింది, చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సొచ్చింది, విడదీసింది మరదలే.

ఇంటికొచ్చాక స్టార్ నేనే దించాను. నాన్న ఇంకా వెదురు బద్దలతో కట్టి రంగు కాయితం అంటిస్తారు, కొన్నది నచ్చదు ఆయనకి. కాయితం మంచుకి ఉబ్బి చిరిగిపోయింది. వీధి పిల్లలు మర్నాడే వచ్చి "భోగిమంటకి ఆ బద్దలు ఇచ్చెయ్యండి ఆంటీ" అని అడిగారు, ఇచ్చేశాం, బల్బు మాత్రం తీసి దాచాం. తమ్ముడు తెచ్చిన అట్టపెట్టెని అమ్మ నీటుగా మడిచి మంచం కింద తోసింది. అప్పటికే అక్కడ మూడున్నాయి. పనికొస్తాయిలే అంటుంది, ఇప్పటిదాకా ఒక్కటి కూడా దేనికీ వాడలేదు, అన్నిటి మీదా వాడి చేత్తో రాసిన మా ఊరి పేరు ఉంది.

12న పొద్దున్న పిల్లకి నీళ్ళు పోసే టైముకి వీడియో కాల్ వచ్చింది. మరదలు తడిచేత్తోనే ఫోన్ ఎత్తింది. అవతల బంకు బెడ్డు, దాని మీద తాడు కోసేసిన అట్టపెట్టె, చుట్టూ నలుగురైదుగురు మనవాళ్ళు మూగి కూర్చున్నారు, ఒకతని చేతిలో అప్పటికే అరిసె ఉంది.

"పెట్టె విప్పానమ్మా" అన్నాడు. "ఊరగాయ కారలేదు."