టెక్సస్‌లో అడవి పందుల వేటకి థర్మల్ స్కోప్: కొనడం, వాడటం – నా అనుభవం

థర్మల్ స్కోప్ అంటే తుపాకి మీద బిగించి, చీకట్లో వేడిని బట్టి బొమ్మ చూపించే దుర్భిణి. అది కొనాలనుకునే ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఎంత దూరం కనిపిస్తుంది?" అనే. డబ్బా మీద కూడా పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ అంకే, 1,200 గజాలనీ 2,000 గజాలనీ. దాన్ని పక్కన పెట్టేయండి. అంత దూరంలో వేడిగా ఏదో ఉందని తెలుస్తుంది, అంతే. అది పందా, దూడా, పక్క రాంచ్ వాళ్ల కుక్కా అన్నది తెలియదు, వేటగాడికి కావాల్సింది మాత్రం అదే. నేను స్కోప్ వెతికినన్ని రోజులూ ఈ ఒక్క ప్రశ్న పట్టుకునే వెతికాను.

నేను ఉండేది డాలస్ దగ్గర. వేటకి వెళ్లేది ఇంకా ఉత్తరాన, రెడ్ రివర్ వైపు ఉన్న ఒక రైతు పొలానికి. ఆయన మొక్కజొన్న, పశువుల గడ్డి వేస్తాడు. విత్తనం పడ్డ రాత్రే పందుల మంద దిగి, సాలు వెంబడే ముట్టెతో పెళ్లగించుకుంటూ గింజ గింజా తినేస్తుంది. తెల్లారి చూస్తే నాగలి దున్నినట్టు ఉంటుంది. మాది మహబూబ్‌నగర్ వైపు, వేరుశనగ చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రుళ్లు టపాసులు పేలుస్తూ కాపలా కాసిన ఇల్లు మాది. అందుకని ఆ రైతు బాధ నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. తేడా ఏంటంటే అక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని చంపడం నేరం, టెక్సస్‌లో దాని లెక్కే వేరు. ఇక్కడది బయటి నుంచి వచ్చిపడ్డ జంతువు. సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు, రాత్రి వేటాడొచ్చు, థర్మల్ వాడొచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్స్ కూడా అక్కర్లేదు. జింకకి మాత్రం ఇవేవీ వర్తించవు, దాన్ని రాత్రిపూట ముట్టుకోకూడదు.

ఇక్కడ మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకి దగ్గర ఉంచుకోవడమే నిషేధం, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. పందికి లైసెన్స్ అక్కర్లేదు కదా అని వీసా మీద ఉన్న కుర్రాళ్లు స్నేహితుడి రైఫిల్ పట్టుకుని పొలంలో దిగితే కేసు పందుల గురించి కాదు, తుపాకి గురించి అవుతుంది. ఇమిగ్రేషన్ మొత్తం పోతుంది. నేను గ్రీన్ కార్డ్ వచ్చాకే కొన్నాను. అయినా లైసెన్స్ తీసుకున్నాను, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేశాను. రాత్రి వేటకి వెళ్లే ముందు ఆ కౌంటీ గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు చూసే అధికారి) ఒక మాట చెప్పి వెళ్తాను. ఎవరైనా కాల్పుల శబ్దం విని ఫోన్ చేసినా అందరికీ టెన్షన్ ఉండదు.

ఇక స్కోప్ సంగతి. చూడాల్సిన అంకెలు మూడు: సెన్సర్ పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ సైజు, లెన్స్ ఫోకల్ లెంగ్త్. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు పిక్సెల్ 12 మైక్రాన్లు. దాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, దూరంతో గుణిస్తే ఒక పిక్సెల్ జంతువు మీద ఎంత మేర పడుతుందో తెలిసిపోతుంది. 200 గజాల దూరంలో 25 ఎంఎం లెన్స్‌కి ఒక పిక్సెల్ దాదాపు 9 సెంటీమీటర్లు, 35 ఎంఎంకి 6 చిల్లర, 50 ఎంఎంకి 4.4. ఎదిగిన పంది నాలుగు అడుగుల పొడవు అనుకుంటే అడ్డంగా నిలబడ్డప్పుడు వరసగా 14, 19, 28 పిక్సెళ్లు. 14 పిక్సెళ్లలో అది ఒక ముద్ద, కాళ్లు పిక్సెల్ కన్నా సన్నం కాబట్టి సరిగా కనిపించవు కూడా. 28లో వీపు వంపు, ముట్టె తెలుస్తాయి.

చాలామందికి తట్టని విషయం ఇంకోటి. లెన్స్, పిక్సెల్ సైజు ఒకటే అయితే అడ్డంగా 384 పిక్సెళ్లున్న సెన్సరైనా 640 ఉన్న సెన్సరైనా పంది మీద పడే పిక్సెళ్లు అన్నే. 640కి ఎక్కువ డబ్బు పెడితే వచ్చేది వెడల్పు. 35 ఎంఎం లెన్స్‌తో 100 గజాల దగ్గర 384లో 13 గజాల వెడల్పు కనిపిస్తుంది, 640లో దాదాపు 22 గజాలు. మొదటి తూటాకి మంద చెదిరి పరిగెత్తినప్పుడు ఆ వెడల్పు చాలా పనికొస్తుంది, కాదనను. కానీ మేం వెళ్లే పొలంలో షాట్లు 200 గజాలు దాటవు. అందుకే 384 సెన్సర్, 35 ఎంఎం లెన్స్ తీసుకుని మిగిలిన డబ్బుతో విడిగా ఒక థర్మల్ మోనోక్యులర్ (చేత్తో పట్టుకుని ఒంటి కంటితో చూసేది) కొన్నాను. ఈ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం ఉంది. స్కోప్‌తో పొలం వెతకడమంటే ఏముందో తెలియని చోటుకల్లా తుపాకి గొట్టం తిప్పడం. అక్కడ మనిషి ఉండొచ్చు. వెతకడానికి మోనోక్యులర్, ఏంటో ఖాయం చేసుకున్నాకే రైఫిల్.

ఎన్ఈటీడీ అని ఇంకో అంకె ఉంటుంది, మిల్లీకెల్విన్లలో. ఎంత చిన్న వేడి తేడాని సెన్సర్ పట్టుకోగలదో చెప్తుంది, తక్కువ ఉంటే మంచిది. చలికాలం పొడి రాత్రి ఏ స్కోప్ అయినా అద్భుతంగానే కనిపిస్తుంది. వాన పడి వెలిసిన రాత్రి, గాలిలో తేమ నిండినప్పుడు 40 ఉన్నదీ 25 లోపు ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూడండి, మొదటి దాంట్లో చెట్లూ గడ్డీ నేలా కలిసిపోయి బూడిద రంగు పరదా కట్టినట్టు ఉంటుంది. ఏసీ షాపులో నిలబడి గోడ వైపు చూస్తే ఇదేమీ తెలియదు. అద్దం కిటికీలోంచి చూద్దామన్నా కుదరదు, ఆ ఇన్‌ఫ్రారెడ్ మామూలు గాజులోంచి దూరదు, మన ముఖం వేడే మసగ్గా తిరిగి కనిపిస్తుంది. లెన్స్ జర్మేనియంతో చేసేది అందుకే. చీకటి పడ్డాక షాపు బయటికి తీసుకెళ్లి చూపించమని అడగండి. నాకు చూపించారు, అక్కడే తేలిపోయింది.

జీరో చేయడం, అంటే గురి చుక్క ఉన్నచోటే తూటా పడేలా స్కోప్‌ని సరిచేయడం, మామూలు స్కోప్ లాంటిది కాదు. కాగితం మీద అచ్చేసిన గుండ్రాలు థర్మల్‌కి కనిపించవు. ప్లైవుడ్ పలక మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ని చిన్న ప్లస్ గుర్తులా అంటించి, పలకని కాస్త వెనక్కి వాల్చాను. ఫాయిల్ చల్లటి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది కాబట్టి వైట్ హాట్‌లో (వేడివి తెల్లగా, చల్లటివి నల్లగా చూపించే సెట్టింగ్) నల్లగా, అంచులు స్పష్టంగా కనిపించింది. చేతులు వేడిచేసుకునే హ్యాండ్ వార్మర్ అంటించినా పనవుతుంది గానీ కాసేపటికి చుట్టూ వేడి పాకి గురి చుక్క పెద్దదైపోతుంది. తూటా ఎక్కడ పడిందో పక్కనున్న అన్న పగటి వెలుతురులో మామూలు స్పాటింగ్ స్కోప్‌తో చూసి చెప్పాడు. జూమ్ చేసి జీరో చేస్తే నా స్కోప్‌లో ఒక్కో క్లిక్ చిన్న అడుగు వేస్తుంది, సగం చిరాకు అక్కడే తగ్గింది.

పొలంలో మొదట నేర్చుకున్నది ఫోకస్. కొంచెం తప్పినా పంది దూడలా, దూడ పందిలా కనిపిస్తుంది. పైగా థర్మల్ బొమ్మలో దూరం తెలియదు. 100 గజాల్లో ఉన్న రకూన్ (పిల్లి కన్నా కాస్త పెద్ద జంతువు), 200 గజాల్లో ఉన్న ఎదిగిన పంది దాదాపు ఒకే సైజులో ఉంటాయి. అందుకే దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ తప్పనిసరి అంటాను. నడక చూడటం అలవాటు చేసుకోవాలి. పంది ముందు భాగం బరువుగా, మెడ లేనట్టు, ముక్కు నేలకే ఉంటుంది. మంద ఒకదాన్నొకటి రాసుకుంటూ కదులుతుంది. జింక మేస్తూ మేస్తూ తల ఎత్తుతుంది, చెవులు నిలబడతాయి. దూడ వీపు సమంగా ఉంటుంది. బ్లాక్ హాట్‌లో, అంటే వేడివి నల్లగా చూపించే సెట్టింగ్‌లో, ఈ తేడాలు నాకు ఇంకా బాగా కనిపిస్తాయి. అనుమానం ఉంటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టను, అక్కడ చర్చే లేదు.

స్కోప్ చూపించనివీ ఉన్నాయి. పలచటి ముళ్ల కంచె తీగ కనిపించదు, పంది వెనక దూరంగా ఉన్న ఇల్లు కూడా ఒక్కోసారి చుట్టూ ఉన్న వేడిలో కలిసిపోతుంది. కాబట్టి పగలే పొలమంతా నడిచి, ఏ వైపు కాల్చకూడదో రైతుని అడిగి నిర్ణయించుకుంటాం. ఎండాకాలం పొద్దుగూకగానే నేలా రాళ్లూ ఇంకా కాగుతుంటాయి, పంది వాటిలో కలిసిపోతుంది. అర్ధరాత్రి దాటాక నయం. బురదలో పొర్లి వచ్చిన పంది మామూలు కన్నా చల్లగా, మసగ్గా కనిపిస్తుంది. సెన్సర్ తనను తాను సరిచేసుకునేటప్పుడు టిక్ మని చప్పుడై బొమ్మ క్షణం ఆగిపోతుంది, అది సరిగ్గా షాట్ వేళ రాకుండా మాన్యువల్‌లో పెట్టుకుంటాను. గురి విషయంలో, పంది గుండె ఊపిరితిత్తులు జింక కన్నా ముందుకీ కిందకీ ఉంటాయి. అడ్డంగా నిలబడితే ముందు కాలు పైన, ఒంట్లో కింది మూడో వంతులో గురి పెడతాం. గాయపడి పారిపోయిన జంతువుని రాత్రంతా వెతకాల్సి రావడం దానికీ నరకం, మనకీ నరకం.

కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, వీటికి బ్రూసెల్లోసిస్ (మనుషులకీ అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) ఉండొచ్చు. మాంసం లోపలి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాలి, అప్పుడే తినాలి. మేం కూర వండుకుంటాం కాబట్టి అది సమస్యే కాదు.

ఈ స్కోప్‌ని సెలవుల్లో ఊరికి తీసుకెళ్లి చేను కాపలాకి ఇద్దామా అని మా తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. థర్మల్ రైఫిల్ స్కోప్ మీద అమెరికా ఎగుమతి నియంత్రణ ఉంది, అనుమతి లేకుండా సూట్‌కేసులో పెట్టి దేశం దాటిస్తే నేరం.