మరాన్యోన్ ఒడ్డున మందుల బల్ల

పెరూలోని ఇకితోస్ నగరానికి బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలో రావాలి, లేదంటే నది మీద రావాలి. ఒక పల్లెలో వైద్య శిబిరం పెట్టడానికి మేం లీమా నుంచి విమానంలో దిగాం. మొత్తం పదకొండు మందిమి: ఇద్దరు డాక్టర్లు, ఒక పళ్ల డాక్టరు, నలుగురు నర్సులు, ఇద్దరు దుభాషీలు, సామాను చూసుకునే ఒకాయన, మందుల బల్ల దగ్గర నేను.

ఆ రాత్రంతా మందులు విడదీయడంతోనే తెల్లారింది. విరాళంగా వచ్చిన పెట్టెల్లో ఒకదాని నిండా మూడు నెలల్లో గడువు తీరిపోయే మాత్రలే. విరాళం మందులు చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంకో పెట్టెలో సీసాల మీద రాతలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడి నర్సులు చదివేది స్పానిష్. రెండు పెట్టెలూ పక్కన పెట్టేశాం. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, కానీ పనికిరాని మందుల్ని జాగ్రత్తగా పారేసే భారం కూడా పుచ్చుకున్నవాళ్ల మీదే పడుతుంది. అది నాకు అన్యాయంగా తోచింది.

మర్నాడు పొద్దున్నే నౌతాకు బయల్దేరాం. సుమారు వంద కిలోమీటర్లు. ఇకితోస్‌ను మరో పట్టణంతో కలిపే రోడ్డు అదొక్కటే. నౌతాకు దగ్గర్లోనే మరాన్యోన్, ఉకయాలి నదులు కలిసి అమెజాన్ అవుతాయి. మేం మరాన్యోన్ మీద పడవలో ప్రవాహానికి ఎదురుగా, కుకామా అనే ఆదివాసుల పల్లెకు వెళ్లాం. ఏప్రిల్ నెల కాబట్టి నది నిండుగా ఉంది. ఇళ్లన్నీ గుంజల మీద కట్టినవి, నీళ్లు నేల పలకల దాకా వచ్చేశాయి. పిల్లలు బడికి కూడా పడవల్లోనే వస్తున్నారు. మోటారు బిగించిన చిన్న పడవను వాళ్లు పెకె-పెకె అంటారు. ఆ ఇంజను చప్పుడు విన్నాక ఆ పేరు ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

బడి గదిలోనే శిబిరం. తెల్లారేసరికే జనం వచ్చి కూర్చున్నారు. దగ్గు, గజ్జి, నడుం నొప్పులు, పిల్లల కడుపులో నులిపురుగులు. నా పని మాత్రలు సంచుల్లో పోసి, వాటి మీద బొమ్మలు వేయడం. పొద్దున వేసుకోవాల్సినదానికి సూర్యుడు, రాత్రిదానికి చంద్రుడు. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది కదా అని ధీమాగా ఉన్నాను.

ఆ ధీమా మొదటి రోజు సాయంత్రానికే పోయింది. విరేచనాలతో ఉన్న పాపకు ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు ఇచ్చి, లీటరు నీళ్లలో కలపమని దుభాషీ చేత చెప్పించాను. ఆ ఊళ్లో ఆరోగ్యం చూసుకునే మహిళ ఒకరున్నారు, అలాంటివారిని అక్కడ ప్రొమొతొరా అంటారు. ఆవిడ చీకటి పడుతుండగా వచ్చి నన్ను ఆ ఇంటికి తీసుకెళ్లింది. తల్లి పొట్లం మొత్తం ఒక చిన్న మగ్గులో కలిపి పట్టిస్తోంది. అంత చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై పాపకు మేలు బదులు కీడు జరుగుతుంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రొమొతొరా ఏమీ అనలేదు. అర లీటరు కూల్‌డ్రింక్ సీసాలు రెండు తెప్పించి, కాచి చల్లార్చిన నీళ్లు రెండింటి నిండా పోసి చూపించింది. “ఈ రెండూ కలిపితే ఒక పొట్లానికి సరిపోతాయి” అంది. ఆ ఇంట్లో లీటరు కొలత ఉందో లేదో నేను ముందే అడిగి ఉండాల్సింది. మర్నాటి నుంచి బల్ల మీద రెండు ఖాళీ సీసాలు పెట్టుకుని, చూపించి మరీ ఇచ్చాను. పాప మూడో రోజుకు కోలుకుంది.

ఆ మొదటి రోజే తొమ్మిదేళ్ల బాబు ఒకడు చలిజ్వరంతో వణుకుతూ వచ్చాడు. పెరూలో మలేరియా ఎక్కువగా ఉండేది ఈ లొరేతో ప్రాంతంలోనే. ప్రొమొతొరాయే వేలి మీద సూది గుచ్చి పరీక్ష చేసింది. కాసేపటికి ఫలితం వచ్చింది: వైవాక్స్ రకం. ఆ మందులు మా పెట్టెల్లో లేవు, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవి ఆవిడ దగ్గరే ఉన్నాయి. క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ ఏడు రోజులు.

కష్టమంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది, పిల్లాడు ఆటల్లో పడతాడు, ఇంట్లోవాళ్లు ఇక మాత్ర అక్కర్లేదనుకుంటారు. కానీ వైవాక్స్ కాలేయంలో నిద్రపోతున్నట్టు దాక్కుని, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపేది ప్రైమాక్విన్. పైగా జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు ఆ మందు రక్తకణాలను పగలగొడుతుంది. అందుకే ఆవిడ రోజూ మాత్ర తన ఎదుటే మింగించి, మూత్రం ముదురు రంగులో వచ్చిందా అని అడుగుతుంది. నోటు పుస్తకంలో బాబు పేరు, పక్కన ఏడు గళ్లు. ఎప్పుడు చూసినా ఆ పుస్తకం చంకలోనే ఉండేది.

మూడో రోజు రాత్రి మాలో మాకే వాదన జరిగింది. బీపీ ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లకు నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి వెళ్లిపోదామని ఒకరన్నారు. నెల తర్వాత ఎవరిస్తారని పెద్ద డాక్టరు అడిగారు. ఆ డాక్టరు మాటే నాకూ సరైనదనిపించింది. చివరికి ఆ పేర్లన్నీ ప్రొమొతొరా పుస్తకంలో రాయించి, పై ఆరోగ్య కేంద్రంలో కొనసాగించగలిగినవాళ్లకే మందు మొదలుపెట్టాం. మిగిలిన మందులు, వాటి లెక్కతో సహా, ఆ కేంద్రానికే అప్పగించాం. ఇలాంటి శిబిరానికి వెళ్లాలనుకునేవాళ్లు నన్నడిగితే, ఏం మందులు తీసుకెళ్లాలో తర్వాత చెబుతాను, ముందు అక్కడ ఏడాదంతా ఉండేదెవరో కనుక్కోమంటాను.

నాలుగో రోజు పొద్దున సామాను పడవకెక్కిస్తుంటే ఆ బాబు తల్లితో వచ్చాడు. వణుకు లేదు, ముఖం తేటగా ఉంది. ప్రొమొతొరా మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా చూసి, నోరు తెరిపించి చూసింది. పుస్తకం తీసి నాలుగో గడిలో టిక్కు పెట్టింది. మా ఇంజను స్టార్టయ్యేసరికి ఆవిడ అప్పుడే పక్క ఇంటి మెట్లెక్కుతోంది. బాబు పేరు పక్కన ఇంకా మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి.