మడ్‌గార్డుల బ్యాండు

అన్నం తింటూ ఫోన్‌లో వీడియో పెట్టుకున్నా, ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని, గిటార్ ఒళ్లో పెట్టుకుని ఎర్బెర్ట్ వియానా పాడుతున్నాడు, కింద ఉన్న జనం అతని కంటే ముందే లైను అందుకుంటున్నారు.

అతనిది ముగ్గురున్న బ్రెజిల్ బ్యాండు, ఓస్ పరలమాస్ దో సుసెస్సో. పరలమాస్ అంటే మడ్‌గార్డులు! మొదట్లో రియోలో, కోపకబానాలో, బేస్ వాయించే బి రిబేరో వాళ్ల బామ్మగారింట్లో ప్రాక్టీసు చేసేవాళ్లు. ఆవిడ మీద పాట కూడా కట్టారు, ఎంత ముద్దొచ్చిందో నాకు ఆ సంగతి. 1985లో రాక్ ఇన్ రియో అనే పెద్ద సంగీతోత్సవంలో వేదికెక్కాక దేశమంతా వాళ్ల పాటలే. రాక్‌లో జమైకా సంగీతాలైన రెగె, స్కా కలిపేసి వాయిస్తారు, కాళ్లు వాటంతట అవే ఆడతాయి.

2001 ఫిబ్రవరిలో ఎర్బెర్ట్ నడుపుతున్న చిన్న విమానం సముద్రంలో కూలింది. భార్య చనిపోయింది. అతను కోమాలోంచి బయటికొచ్చాడు గానీ నడుం కింద కదలిక పోయింది, జ్ఞాపకాలు కొన్ని పోయాయి.

మిగతా ఇద్దరూ వేరే గాయకుణ్ణి తెచ్చుకోలేదు. ఆగారు. 2002లో ముగ్గురూ కలిసి కొత్త ఆల్బమ్ తెచ్చారు, పేరు 'లోంగో కమిన్యో', అంటే సుదీర్ఘమైన దారి. 1982 నుంచీ అదే ముగ్గురు.

వీడియోలో ఒకచోట డ్రమ్స్ వాయిస్తున్న జువావ్ బరోనె తలెత్తి ఎర్బెర్ట్ వైపు చూస్తాడు, రెండు సెకన్లు ఉంటుందేమో, నువ్వు కానివ్వు నేనున్నా అన్నట్టు. అక్కడే మూడుసార్లు వెనక్కి జరిపి చూశా. అన్నం చల్లారిపోయింది.