టచ్, పెయిన్ ట్రాక్ట్స్ నాకు ఎలా ఎక్కాయంటే (నీట్ పీజీ ప్రిపరేషన్)

హాయ్ ఫ్రెండ్స్, చెన్నై అన్నానగర్‌లో రూమ్ తీసుకుని చదివా, నాతో పాటు మా నెల్లూరోడు ఒకడు. న్యూరో ఫిజియాలజీలో ఈ ట్రాక్ట్స్, అంటే టచ్, నొప్పి మెదడుకి ఎక్కే నరాల దారుల దగ్గర ఇరుక్కున్నోళ్ళ కోసమే ఇది, టైంటేబుల్ గట్రా అడక్కండి, నాకే లేదు.

వెన్నుపాము ఒక పక్క సగం తెగితే ఏ వైపు ఏం పోతుందనే బ్రౌన్ సెకార్డ్ ప్రశ్న రెండు గ్రాండ్ టెస్టుల్లోనూ (మాక్ ఎగ్జామ్స్) తప్పు పెట్టా. రావాల్సిన 4 పోయి పైగా ఒకటి కట్, ఒక్కో దానికి 5 మార్కుల బొక్క. బట్టీ కొట్టడం, హాల్లో తారుమారు చెయ్యడం, ఇదే వరస.

ఒకరోజు రాత్రి దోసె తిప్పుతుంటే పెనం అంచు చూపుడు వేలికి తగిలింది. చెయ్యి ముందే వెనక్కొచ్చేసింది, చురుక్కుమన్నది ఆ తర్వాతే తెలిసింది, ఇంకో క్షణం ఆగి అసలు మంట మొదలైంది. వేలు కుళాయి కింద పెట్టుకుని నుంచుంటే అప్పుడు వెలిగింది, ఆ చురుక్కు తెచ్చేది ఎ డెల్టా అనే నరం పోగు, సెకనుకి 5 నుంచి 30 మీటర్లు, వెనకాల తీరిగ్గా వచ్చే మంట సి ఫైబర్, మైలిన్ (పోగు మీది కొవ్వు తొడుగు) లేదు కాబట్టి 2 మీటర్ల లోపే. ఆ తర్వాత ఈ పాయింట్ మళ్ళీ చదవలేదు.

ఇంకోటి, కాలినా మంటే అంటాం, ఆవకాయ ఎక్కువైనా నోరు మంటే అంటాం కదా, రెండిటినీ పసిగట్టే రిసెప్టర్ నిజంగానే ఒకటే, టీఆర్‌పీవీ1. 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది, మిరపలోని క్యాప్సైసిన్‌కీ తెరుచుకుంటుంది. 1997లో డేవిడ్ జూలియస్ టీమ్ పట్టుకుంది, 2021 నోబెల్ ఆయనకీ, టచ్ వైపు ఒత్తిడికి తెరుచుకునే పీజో ఛానెల్స్ కనిపెట్టిన పటపూటియన్‌కీ కలిపి ఇచ్చారు. దెబ్బ తగిలిన చోట రుద్దితే హాయిగా ఉండేది గేట్ కంట్రోల్, అంటే టచ్ వెళ్ళి వెన్నుపాములో నొప్పికి గేటు వేసేస్తుంది, 1965లో మెల్జాక్, వాల్ చెప్పారు. అంతే, అక్కడ ఎక్కువ కూర్చోవద్దు.

అసలు పని చేసింది స్కెచ్ పెన్ను. షార్ట్ వేసుకుని రెండు కాళ్ళ మీదా నీలం గీత, ఎర్ర గీత గీసుకున్నా. నీలం ఫైన్ టచ్, వైబ్రేషన్, అది వచ్చిన వైపే పైకెక్కి మెడుల్లాలో (మెదడు కింది కొస) అవతలికి దాటుద్ది. ఎరుపు నొప్పి, వేడి, అది వెన్నుపాములోకి దిగిన ఒకటి రెండు సెగ్మెంట్లలోనే అవతలికి దూకేస్తుంది. ఇప్పుడు ఛాతీ లెవెల్లో ఎడమ సగం తెగిందనుకోండి, ఎడమ కాలి నీలం పోయింది, పక్షవాతం కూడా అటే, కానీ కుడికాలి ఎరుపు అప్పటికే ఎడమకి వచ్చి ఎక్కుతోంది కాబట్టి అదీ తెగింది, అంటే కుడికాలికి గుండుసూది గుచ్చినా నొప్పి తెలీదు. సిరింగోమైలియా కూడా ఇందులోంచే వచ్చేస్తుంది, అందులో వెన్నుపాము మధ్యలో కన్నం పడుతుంది, పడితే ముందు తెగేది దాటుతున్న ఎరుపే, అందుకే చేతులకి టచ్ తెలుస్తుంది, కాలితే తెలీదు.

ఆ కాళ్ళతోనే పాల ప్యాకెట్‌కి కిందకి వెళ్తే ఓనరమ్మ చూసి "ఎన్నప్పా ఇదు" అని భయపడిపోయింది, మావాడు తమిళంలో ఏం చెప్పాడో గానీ ఆ సాయంత్రం పసుపు పంపించింది.

ఫాంటమ్ లింబ్ (పోయిన చెయ్యో కాలో ఇంకా ఉన్నట్టే అనిపించడం) వస్తే మాత్రం న్యూరోసైంటిస్ట్ వి.ఎస్. రామచంద్రన్‌ని గుర్తు పెట్టుకోండి, ఈ ఊళ్ళోనే స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివాడు. బ్రెయిన్ మ్యాప్‌లో చేతి పక్కనే మొహం ఉంటుంది కాబట్టి చెయ్యి పోయినోళ్ళలో కొందరికి చెంప ముట్టుకుంటే లేని చెయ్యి ముట్టుకున్నట్టు ఉంటుంది. మొహం నుంచి టచ్, నొప్పి వెళ్ళే రూటు మాత్రం వేరే, ట్రైజెమినల్ నరం, దానికి నా కాళ్ళ మీద చోటు సరిపోలేదు, మావాడి వీపు మీద గీశా.