వంటమనిషి మేరీ, మా అపార్ట్‌మెంట్ గేటు

రోగాన్ని నలుగురికీ అంటించే మనిషిని ‘టైఫాయిడ్ మేరీ’ అని ఇంగ్లీషులో దెప్పిపొడుస్తారు. ఆ మాట వెనకున్న మనిషి గురించి 2020 లాక్‌డౌన్ రోజుల్లో చదివాను.

మేరీ మాలన్ ఐర్లండ్ నుంచి న్యూయార్క్‌కు వలస వచ్చి సంపన్నుల ఇళ్ళలో వంట చేసేది. 1906 వేసవిలో ఆయిస్టర్ బేలో ఆమె వండిపెట్టిన ఇంట్లో 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ రావడంతో, జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీరు ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్ళ ఆచూకీ తీసి, వాటిలో చాలా చోట్ల అదే జ్వరం వచ్చిందని తేల్చాడు. ఆమెకు మాత్రం ఒంట్లో ఏ నలతా లేదు. ఆరోగ్యంగా తిరిగే మనిషి కడుపులో రోగక్రిములు ఏళ్ళ తరబడి ఉండగలవన్న సంగతి అప్పటికి డాక్టర్లకే కొత్త కాబట్టి, ఆమె నమ్మకపోవడంలో వింతేమీ లేదు. 1907లో బలవంతంగా తీసుకెళ్ళి, ఆ తరువాత నార్త్ బ్రదర్ అనే దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పని దొరికింది కాని, వంటకు వచ్చే జీతం అందులో రాదు. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ సోకి ఇద్దరు చనిపోయాక, అక్కడ మారుపేరుతో వండుతున్నది ఆమేనని బయటపడింది. 1938లో చనిపోయేదాకా మళ్ళీ ఆ దీవే.

బాలింతలుండే చోట, తెలిసి తెలిసి వంటకు చేరడాన్ని నేను సమర్థించలేను. అయితే నలుగురి మేలు కోసం వచ్చిన ఒక్క పనీ మానుకోమన్న నగరం, మానుకుంటే ఆమె ఎలా బతుకుతుందన్న లెక్క మాత్రం ఆమెకే వదిలేసింది. ఆ నగరంలో ఆమెలాంటి వాహకులు ఇంకా ఎందరో దొరికినా, ఎవరినీ అన్నేళ్ళు బంధించలేదు.

న్యూయార్క్‌ను తప్పుపట్టడం నాకు సులువే. 2020 మార్చిలో హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనివాళ్ళెవరినీ గేటు దాటనివ్వకూడదని నిర్ణయిస్తే, వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను; మా అంతస్తులోనే ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. లాక్‌డౌన్ కాలానికి జీతాలు కోయవద్దని మార్చి 29న కేంద్ర హోంశాఖ పరిశ్రమలను, దుకాణాలను, వాణిజ్య సంస్థలను ఆదేశించింది కాని, ఇళ్ళ ఊసు అందులో లేదు; మే 18 నుంచి ఆ ఆదేశమూ లేదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు ఏప్రిల్ జీతం పూర్తిగా, మే నెలది సగం పంపాను. జూన్‌లో ఎప్పటినుంచి రమ్మంటారని ఫోన్ చేస్తే, అసోసియేషన్ చెప్పాలి అన్నానే గాని జీతం మాటెత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

ఆగస్టులో గేటు తెరిచేసరికి ఆవిడ ఒక కర్రీ పాయింట్‌లో వంటకు కుదిరిపోయింది. జ్వరం వచ్చినా వెళ్తావా అని అడిగాను. వెళ్ళకపోతే ఆ రోజు డబ్బులు రావు కదమ్మా అంది.

జాగ్రత్తగా ఉండమని చెప్పి ఫోన్ పెట్టేశాను.