72వ గంటలో తీసిన రక్తం: నా అనుభవం

ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు నేలవేము. దాని సారం ఎలుకల్లో క్లోమం (పాంక్రియాస్) వాపును ఆపుతుందా అన్నది చూడాలి. మొక్కను బోటనీ వాళ్లకు చూపించి సర్టిఫికెట్ తీసుకున్నాను, నీడన ఆరబెట్టి పొడి కొట్టాను. డబ్బా మూత తీస్తే చాలు, ఆ చేదు గొంతులోకి దిగేది. ఆల్కహాల్‌తో సారం తీయడం, ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవడం నిదానంగానే అయినా సజావుగా సాగిపోయాయి.

వాపు తెప్పించడానికి ఎల్-ఆర్జినిన్ వాడాం. వేరుశెనగలో ఉండే అమైనో ఆమ్లమే. కానీ కిలో బరువుకు 2.5 గ్రాముల చొప్పున, గంట తేడాతో రెండుసార్లు పొట్టలోకి ఇంజెక్షన్ చేస్తే ఎలుక క్లోమాన్ని గట్టిగా దెబ్బతీస్తుంది. ముందు 3 ఎలుకల మీద చేసి చూశాను. 72 గంటల తర్వాత రక్తం తీస్తే, క్లోమం తయారుచేసే అమైలేజ్ అనే ఎంజైము వాపు వల్ల పెరగాల్సింది పోయి ఆరోగ్యంగా ఉన్న ఎలుకల కంటే తక్కువ వచ్చింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ద్రావణం పీహెచ్ 7కి సరిగా తెచ్చానో లేదో, మూడు ప్రాణాలు నా పొరపాటు వల్లే వృథాగా పోయాయేమో అని ఒకటే బాధ.

పొద్దున మా గైడ్ మేడమ్ ఒకటే అడిగారు: "క్లోమం ముక్కతో చేసిన స్లైడ్‌ను మైక్రోస్కోపులో చూశావా?"

చూశాను. దానిమ్మ గింజల్లా ఒత్తుగా ఉండాల్సిన కణాల గుత్తులు విడిపోయి ఉన్నాయి. మధ్యలో నీలి చుక్కల్లా వాపు కణాలు. అమైలేజ్ మొదటి రోజుకే పెరుగుతుందట. మూడో రోజుకు దాన్ని తయారుచేసే కణాలే చచ్చిపోతే ఇంకెక్కడి నుంచి వస్తుంది? అసలు ప్రయోగంలోనూ 72వ గంటకే రక్తం తీసి ఉంటే, కణాలు బతికిన మందు గ్రూపులోనే అమైలేజ్ ఎక్కువ కనిపించేది. మంచి చేసిన మందును చెడ్డదని రాసేసేదాన్ని! కమిటీకి మళ్లీ రాసి, రక్తం 24 గంటలకు, కణజాలం 72 గంటలకు తీసేలా మార్పించుకున్నాను.

ఎలుక క్లోమాన్ని పట్టుకోవడం ఇంకో పరీక్ష. ప్లీహం పక్కన కొవ్వులో కలిసిపోయి ఉంటుంది. సందేహం వస్తే ముక్కను సెలైన్‌లో వేసేదాన్ని: కొవ్వు తేలుతుంది, క్లోమం మునుగుతుంది. మునిగిన ముక్కను వెంటనే, కణజాలం పాడవకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయాలి. లేదంటే దాని ఎంజైములే దాన్ని అరిగించేస్తాయి.

ఎక్కువ మోతాదు ఇచ్చిన గ్రూపు స్లైడ్లలో వాపు స్పష్టంగా తగ్గింది, తక్కువ మోతాదులో పెద్దగా తేడా లేదు. కానీ నేను సారం పట్టించింది ఆర్జినిన్‌కు వారం ముందు నుంచి. మనిషి ఆసుపత్రికి వచ్చేది నొప్పి మొదలయ్యాక కదా. అందుకే థీసిస్‌లో "చికిత్స" అన్న మాట కొట్టేసి "రక్షణ" అని రాశాను.

ఈ సంగతి విని పిన్ని ఫోన్ చేసింది. "అమ్మా, మీ బాబాయికీ అదే జబ్బు కదా, నేలవేము కషాయం పోద్దామా?"

"వద్దు పిన్నీ, నేను చూసింది ఎలుకల్లో, అదీ జబ్బు రాకముందు ఇచ్చి. బాబాయిని డాక్టరు గారు చెప్పిన మందులే వాడమను," అన్నాను.