జవాబుకి 1 మార్కే

మన బ్యాచ్ కలుసుకునే రోజు కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, ఆ రోజుకి వేసే సావనీర్‌కి రెండు పేజీలు రాసివ్వండి, కాలేజీ రోజుల గురించి ఏదైనా పర్లేదు అన్నారు. మనవాళ్ళు ఇంకెవరు రాస్తున్నారని అడిగితే వరండా బ్యాచ్ నాటకం గురించి రాస్తోందట, బాతు అని మనం పిలిచేవాడు ఎలక్షన్ల గురించట, ట్యాంక్ మీద జరిగింది మాత్రం ఎవరూ రాయకూడదని ముందే ఒప్పందమట. మంచిదే. నాకైతే కాలేజీ అనగానే మొదటి సంవత్సరం కాలిక్యులస్, పొద్దున్నే మొదటి పీరియడ్, మన సార్. పేరు రాయక్కర్లేదు కదా, సార్ అంటే మనకి ఒక్కరే.

మొదటిరోజు అటెండెన్స్ కూడా తీసుకోకుండా ఒక కాగితం పంచారు గుర్తుందా, రెండు వైపులా ప్రింట్. ముందువైపు మార్కుల లెక్క. హోంవర్క్ 20, క్విజ్‌లు 20, రెండు మిడ్‌లు, అంటే టర్మ్ మధ్యలో పెట్టే పరీక్షలు, కలిపి 30, ఫైనల్ 30. 90 దాటితే ఏ, 80 దాటితే బి, అలా కిందికి. వెనకవైపు రెండు భాగాలు, పైన "మీ నుంచి నేను ఆశించేది", కింద "నా నుంచి మీరు ఆశించాల్సింది". నేను ఆ రోజు దాకా ఏ టీచరూ రెండోది రాసివ్వగా చూడలేదు. పేపర్లు వారంలోపు తిరిగిస్తాను, కోసిన ప్రతి మార్కు పక్కన కారణం రాస్తాను, కారణం నచ్చకపోతే రండి, మాట్లాడుకుందాం. మన వైపు ఏముందంటే క్లాసులో గంటకి బయట రెండు గంటలు కూర్చోవాలి, లెక్క ఎందుకు అలా చేశామో మాటల్లో రాయాలి, పరీక్షలో మనం ముందు చూడని లెక్క ఉంటుంది కానీ దానికి కావాల్సిన సరంజామా అంతా క్లాసులో ఇచ్చే ఉంటుంది. ఈ చివరిదే అందరికీ మింగుడుపడలేదు. అప్పటిదాకా మనకి లెక్కలంటే మోడల్ ఒకటి చూడటం, అలాంటివే ఇంకో పది చేయడం. చెయిన్ రూల్ దగ్గరికి వచ్చేసరికి సగం క్లాసు "సార్ మోడల్ ఇవ్వండి" అని, ఆయన "ఇచ్చా కదా నాన్నా, రూల్ ఇచ్చా" అని.

రిలేటివ్ గ్రేడింగ్ గొడవ కూడా అక్కడే మొదలైంది. మొదటి క్విజ్ లిమిట్స్ మీద, చాలామందికి సగం కూడా రాలేదు, అప్పుడు మొదటి బెంచీ ముగ్గురూ లేచి పక్క సెక్షన్‌లో క్లాసు సగటు చూసి గ్రేడ్లు సర్దుతారట, మీరూ అలాగే చేయండి సార్ అన్నారు. సార్ కోప్పడలేదు. సుద్దముక్క పక్కన పెట్టి చెప్పారు, "మీ పక్కవాడికి మార్కులు తగ్గితే మీ గ్రేడ్ పెరిగేలా నేను లెక్క పెట్టాననుకోండి, రాత్రి వాడు డౌటు అడిగితే మీరు చెప్తారా? అందరికీ 90 వస్తే అందరికీ ఏ ఇస్తాను. ఎవరికీ రాకపోతే ఎవరికీ ఇవ్వను, కానీ అప్పుడు నేను పాఠం మళ్ళీ చెప్తాను." చెప్పినట్టే లిమిట్స్ మళ్ళీ చెప్పారు కూడా. ఆ మాట వల్లే హాస్టల్ మేడ మీద మన గుంపు తయారైందని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఒకరికి అర్థమైతే ఇంకొకరికి నష్టం లేని చోటే కలిసి చదువుకోవడం కుదురుతుంది.

హోంవర్క్‌కి ఇంకో రూల్ ఉండేది, ఎంతమందైనా కలిసి చేయొచ్చు కానీ ఎవరి దగ్గర అర్థమైందో వాళ్ళ పేరు పైన రాయాలి. రాసినందుకు ఒక్క మార్కు కూడా పోదు. దీనికి సార్ లోపిటాల్ కథ చెప్పారు. 1696లో ఆయన వేసిన పుస్తకమే డిఫరెన్షియల్ కాలిక్యులస్‌కి మొదటి పాఠ్యపుస్తకం, మనం జీరో బై జీరో వచ్చినప్పుడల్లా వాడే రూల్ అందులోదే, అసలు కనిపెట్టింది మాత్రం ఆయనకి డబ్బు తీసుకుని పాఠాలు పంపిన యోహాన్ బెర్నూలీ. ముందుమాటలో బెర్నూలీకి రుణపడి ఉన్నానని రాశాడే గానీ ఏ రూలు ఎవరిదో విడిగా చెప్పలేదు, అందుకే ఇన్ని వందల ఏళ్ళయినా ఆ రూల్ లోపిటాల్‌దే అయిపోయింది. "మీరు విడివిడిగా రాయండి" అన్నారు సార్. అప్పట్నుంచి మన సెక్షన్ హోంవర్కుల్లో ముప్పావు వంతు కాగితాల మీద ప్లస్ సీ గాడి (ఇంటిగ్రేషన్ జవాబు చివర కలిపే స్థిరాంకమే వాడి ముద్దుపేరు) పేరే ఉండేది. వాడు లేకపోతే మనలో ఎంతమంది ఇంటిగ్రేషన్ దాటేవాళ్ళో! ఒరేయ్ ప్లస్ సీ, ఈ వ్యాసం పైన కూడా నీ పేరు రాసినట్టే అనుకో.

ఇప్పుడు అసలు విషయం, నిచ్చెన.

మొదటి మిడ్‌లో నాలుగో ప్రశ్న. 5 మీటర్ల నిచ్చెన గోడకి ఆనించి ఉంది, దాని అడుగు గోడ నుంచి సెకనుకి 1 మీటరు చొప్పున దూరంగా జారుతోంది, అడుగు గోడకి 3 మీటర్ల దూరంలో ఉన్న క్షణంలో పై కొస ఎంత వేగంతో దిగుతోంది? 10 మార్కులు. సార్ బోర్డు మీద మార్కుల విడగొట్టుడు వేశారు, బొమ్మకి 2, ఎక్స్ ఏంటో (గోడ నుంచి అడుగు దూరం) వై ఏంటో (పై కొస ఎత్తు) చెప్పి తెలిసిన వేగం రాసినందుకు 2, పైథాగరస్ సమీకరణానికి 2, దాన్ని టైమ్ పరంగా డిఫరెన్షియేట్ చేసినందుకు, అంటే టైమ్‌తో ఎంత వేగంగా మారుతోందో కట్టినందుకు, 3, జవాబుకి 1. ఆ 1 కూడా యూనిట్లు ఉండాలి, కిందికి అని దిశ ఉండాలి. క్లాసంతా గోల. జవాబు సెకనుకి 0.75 మీటర్లు అని కరెక్టుగా రాసిన వాళ్ళలో ఇద్దరికి 10కి 1 వచ్చింది, ఎందుకంటే జవాబు తప్ప ఇంకేం లేదు. జవాబు తప్పిన బాతుకి 9. బొమ్మ, సమీకరణం, డెరివేటివ్ అన్నీ శుభ్రంగా వేసి చివర భాగహారంలో తిరగేశాడంతే.

అప్పుడు అన్యాయం అనిపించింది చాలామందికి. నాకు మాత్రం ఆ రోజే ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. అంటే ఈయన చూస్తున్నది నా బుర్ర ఏ దారిలో నడిచిందనేది, ఎక్కడికి చేరిందనేది దాంట్లో ఒక భాగం మాత్రమే అని. ఎక్కువమంది చేసిన పని ఏంటంటే ముందే దూరం 3, ఎత్తు 4 అని సమీకరణంలో పెట్టేసి ఆ తర్వాత డిఫరెన్షియేట్ చేయడం, రెండు వైపులా సున్నా వచ్చి ఆగిపోవడం. సార్ ఆ పేపర్లన్నిటి మీదా ఒకటే రాశారు, "3, 4 పెట్టేస్తే అది ఫోటో అయిపోయింది. ఫోటోలో వేగం ఎక్కడుంటుంది నాన్నా? ముందు కదలనివ్వు, ఆ తర్వాత ఆపు." ఇలా ఒకదాని వేగం నుంచి ఇంకోదాని వేగం కట్టే రిలేటెడ్ రేట్స్ గురించి నేను ఇంతవరకు ఇంతకంటే మంచి మాట వినలేదు.

ఆ క్లాసు మధ్యలో సార్ ఒక పేపర్ పైకి ఎత్తారు. అది మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే మన నిచ్చెనది, అప్పటికి ఆ పేరు లేదు. లెక్క పూర్తిచేసి కింద చిన్న అక్షరాలతో తనంతట తనే నాలుగు లైన్లు రాసింది. ఈ సూత్రం ప్రకారం పై కొస వేగం ఎక్స్ బై వై, అడుగు 5 మీటర్లకి దగ్గరవుతుంటే వై సున్నాకి పోతుంది, అంటే వేగం అంతులేకుండా పెరగాలి, నిజం నిచ్చెన అలా పడదు, కాబట్టి చివర్లో ఎక్కడో పై కొస గోడని వదిలేసి ఉండాలి, అక్కడి నుంచి ఈ సమీకరణం చెల్లదు. సార్ అది చదివి బోర్డు మీద అంకెలు వేసుకుంటూ పోయారు. అడుగు 4.9 దగ్గర ఉంటే పై కొస వేగం సెకనుకి దాదాపు 5 మీటర్లు, 4.99 దగ్గర దాదాపు 16, 4.999 దగ్గర 50. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు, తర్వాతి పీరియడ్ వాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"ఈ లెక్క నేను ఏళ్ళ తరబడి ఇస్తున్నానమ్మా, నా స్కీమ్‌లో దీనికి మార్కు లేదు" అన్నారు, 10కి 11 వేశారు. మొదటి బెంచీ వాళ్ళు ఊరుకుంటారా, కాగితంలో లేని మార్కు ఎలా ఇస్తారు సార్ అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి "నిజమే, ముందు చెప్పకుండా ఒకరికే ఇవ్వడం సరి కాదు, అందరికీ అవకాశం ఉండాలి" అని అక్కడికక్కడే రూలు మార్చారు. ఆ రోజు నుంచి ప్రతి పరీక్షలో ఒక లెక్క కింద ఒక అదనపు మార్కు, "నీ జవాబు ఎక్కడ చెల్లదో రాయి". ఆ మిడ్‌కి కూడా వర్తించేలా పేపర్లు వెనక్కిచ్చి రాయమన్నారు. ఎదురు ప్రశ్న వేసిన విద్యార్థి మాటలో న్యాయం ఉందని ఒప్పుకుని అందరి ముందు పద్ధతి మార్చిన టీచర్‌ని నేను ఆయన తర్వాత చూడలేదు.

దాంతోపాటే దిద్దుబాటు కూడా వచ్చింది. పోయిన మార్కుల్లో సగం తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ కరెక్ట్ జవాబు మళ్ళీ రాస్తే సరిపోదు, ఏ లైన్లో దారి తప్పిందో, అప్పుడు అదే సరైనదని ఎందుకనిపించిందో రెండు వాక్యాలు రాయాలి. ఆ రెండు వాక్యాలు రాయడానికే ఒక్కోసారి సాయంత్రం అయిపోయేది. ఇంకా మైనస్ 2 సంగతి, మైనస్ 1 నుంచి 1 దాకా వన్ బై ఎక్స్ స్క్వేర్ ఇంటిగ్రేట్ చేసి, అంటే గ్రాఫ్ కింద వైశాల్యం కట్టి, క్లాసులో సగం మంది మైనస్ 2 తెచ్చిన రోజు. గ్రాఫ్ మొత్తం యాక్సిస్ పైనే ఉంది, వైశాల్యం మైనస్ ఎలా వస్తుంది, మధ్యలో సున్నా దగ్గర ఫంక్షన్ పైకి ఎగిరిపోతోంది, దాన్ని చూడకుండా దాటేశారు. "జవాబు మొహం ఒకసారి చూడండి నాన్నా." ఈ మాట మనలో ఎవరు మర్చిపోయారు చెప్పండి.

రెండో సంవత్సరం, మూడో సంవత్సరం బాగానే గడిచాయి, ఫోటోలు వరండా బ్యాచ్ దగ్గర ఉన్నాయి.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో గ్రూపులో చాలామందికి తెలుసు. మా డిపార్ట్‌మెంట్‌లో మొదటి సంవత్సరం కాలిక్యులస్ అన్ని సెక్షన్లకీ కోఆర్డినేటర్‌ని, ఒకే పేపర్, ఒకే స్కీమ్. దిద్దే ముందు అందరం కూర్చుని అవే కొన్ని పేపర్లు విడివిడిగా దిద్ది పోల్చుకుంటాం, తేడా వస్తే స్కీమ్ సరిచేస్తాం, ఆ తర్వాత ఒక ప్రశ్న అన్ని సెక్షన్లకీ ఒకరే దిద్దుతారు. మొదట్లో ఇదంతా టైమ్ వేస్ట్ అన్న సీనియర్లు ఉన్నారు, ఇప్పుడు మార్కుల మీద కంప్లయింట్లు తగ్గాయని వాళ్ళే వేరే కోర్సుల్లో పెట్టుకున్నారు, అది చూసినప్పుడు లోపల్లోపల చాలా సంతోషంగా ఉంటుంది. పిల్లలు ఫోన్‌లో ఫోటో తీస్తే స్టెప్పులతో సహా జవాబు వచ్చే రోజులు, అందుకే నేను పూర్తయిన పరిష్కారమే ఇచ్చి ఇందులో ఏ లైను చెల్లదు, ఎందుకు అని అడుగుతున్నాను. నా మొదటిరోజు కాగితానికి వెనకవైపు రెండు భాగాలుంటాయి. కింది భాగంలో సార్ రాసినవన్నీ ఉంచి ఒకటి కలిపాను, మీరు అడిగిన ప్రశ్నలో న్యాయముంటే రూలు మారుతుంది, మారితే అందరికీ మారుతుంది.

నిచ్చెనమ్మ వంతెనల డిజైన్లు చెక్ చేసే పనిలో ఉందని విని అస్సలు ఆశ్చర్యపోలేదు. ఏ సూత్రం ఎక్కడి దాకా చెల్లుతుందో చూడటమే కదా ఆ పని. ఆ 11 మార్కుల పేపర్ నీ దగ్గరుంటే కలుసుకునే రోజు తప్పకుండా పట్టుకురా, ఈ టర్మ్ మా వాళ్ళకి రిలేటెడ్ రేట్స్ ఇంకా మొదలుపెట్టలేదు, ఫోటో తీసుకుని వాళ్ళకి చూపిస్తాను, నీ పేరు పైన రాసి మరీ.